గూన పెంకు, సిమెంటు గూన: మన భవనం కప్పు గురించి

(సంఘం సర్వసభ్య సమావేశంలో, భవన నిర్మాణంపై చర్చ జరిగిన రోజున చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీదున్న పెద్దలకు, మాచర్ల, వెల్దుర్తి, దుర్గి, బొల్లాపల్లి వైపు తండాల నుంచి వచ్చిన నాయక్, కార్భారి పెద్దలకు, చెంచు పెంటల నుంచి, యానాది కాలనీల నుంచి, ఎరుకల వాడల నుంచి పొద్దున్నే బయలుదేరి వచ్చిన అక్కలకు, అన్నలకు, తమ్ముళ్ళకు పేరుపేరునా దండాలు.

నాకు ముందు మాట్లాడినవాళ్ళు పాట గురించి, భాష గురించి, తీజ్ పండుగ గురించి చాలా బాగా చెప్పారు. నన్ను మాత్రం పెంకుల గురించి చెప్పమన్నారు. నవ్వకండి. ఈ భవనానికి వచ్చిన చందాల పుస్తకం నేను చూశాను. అందులో సగం పైన పేర్లు మిరప కోతలకు పోయి వచ్చిన ఆడవాళ్ళవి. వందా, రెండొందలు. ఒక్కో పేరు వెనక ఎండలో ఒక పూట కూలి ఉంది. ఆ డబ్బులో పెద్ద ముక్క కప్పుకే పోతుంది. గోడ తేడా వస్తే మళ్ళీ పూత పూసుకుంటాం, గచ్చు పగిలితే ఇంకో నాపరాయి వేసుకుంటాం. కప్పు తేడా వస్తే ఆ భవనంలోకి ఎవరూ రారు. ఊళ్ళల్లో అట్లా తాళం పడ్డ కమ్యూనిటీ హాళ్ళు మీరూ చూసే ఉంటారు.

విషయం ఏమిటంటే, కమిటీ వాళ్ళు రంగుల పుస్తకం ఒకటి తెప్పించారు. అందులో పాతకాలం గూన పెంకుటిల్లు లాగే కనిపించే కప్పు ఉంది. కానీ అది మట్టి కాదు, కాంక్రీట్ పెంకు. పైన ఎరుపు రంగు, అక్కడక్కడ నలుపు మసి కొట్టినట్టు, వందేళ్ళ ఇల్లు లాగా. కింద ‘సంప్రదాయ శైలి’ అని రాసి ఉంది. అందరికీ నచ్చింది. నాకూ నచ్చింది. అది వెయ్యొచ్చా, వేస్తే ఏది చూసి కొనాలి అన్నది నా పని.

ముందు ఆ ‘సంప్రదాయం’ అన్న మాట దగ్గర ఒక్క నిమిషం ఆగుతాను. ఎవరి సంప్రదాయం? మన తండా గుడిసె మీద ఉన్నది గడ్డి. మన పూర్వీకులు ఎద్దుల మీద ఉప్పూ ధాన్యమూ మోసుకుంటూ ఊరూరా తిరిగిన కాలంలో కప్పు అంటే విప్పి మళ్ళీ కట్టుకునేది. చెంచుల ఇల్లు గుండ్రంగా, తడిక గోడతో, పైన గడ్డి గొడుగుతో ఉండేది. హైమెండార్ఫ్ దొర 1940 ప్రాంతంలో కృష్ణకు అవతల అమ్రాబాద్ కొండల మీద చెంచులతో ఉండి రాసిన పుస్తకం 1943లో అచ్చయింది, అందులో ఆ గుడిసెలున్నాయి. యానాదులది తాటాకు, రెల్లు. ఎరుకలవాళ్ళు ఈత, వెదురు అల్లిక పనివాళ్ళు కాబట్టి వాళ్ళకి గోడా తడికే. పెంకుటిల్లు ఊళ్ళో కరణం గారిది, షావుకారుది. మన తాతలు ఆ చూరు కింద నిలబడ్డారేమో గాని ఆ కప్పు కింద పడుకోలేదు. ఈ మాట ఎవరినీ నొప్పించడానికి కాదు. పెంకు వేసుకోవద్దని కూడా కాదు. ఒకప్పుడు మనకు దక్కనిది ఇప్పుడు మనమే వేసుకుంటామంటే నాకు సంతోషమే. కాకపోతే శిలాఫలకం మీద ‘గిరిజన సంప్రదాయ నిర్మాణం’ అని మాత్రం చెక్కించకండి. మన పిల్లలు చదువుకున్నవాళ్ళు, అడుగుతారు.

ఇక పెంకు సంగతి.

గూన పెంకు కుమ్మరి చేతి పని. చెరువు మట్టి తెచ్చి, తొక్కి, సారె మీద ఒక గొట్టం లాగుతాడు. ఒక చివర కొంచెం వెడల్పు, ఇంకో చివర కొంచెం సన్నం. అది పచ్చి మీద ఉండగానే నిలువునా రెండుగా కోస్తాడు. ఒక గొట్టానికి రెండు గూనలు. ఆరబెట్టి ఆవంలో కాలుస్తాడు. సన్నం చివర వెడల్పు చివరలోకి దూరుతుంది కాబట్టి ఒకదాని మీద ఒకటి కూర్చుంటూ పోతాయి. కప్పు మీద వీటిని రెండు రకాలుగా పేరుస్తారు. కింది వరుస వెల్లకిల, అంటే దోనె లాగా, నీళ్ళు పారడానికి. పై వరుస బోర్లా, రెండు దోనెల మధ్య సందు మూయడానికి. ఇందులో మేకు లేదు, సిమెంటు లేదు. బరువే పట్టు. గాలి సందుల్లో నుంచి వస్తుంది, పొయ్యి పొగ సందుల్లో నుంచి పోతుంది.

మన దేశంలో ఇంకో పెంకు ఉంది, 1865లో బాసెల్ మిషన్ వాళ్ళు మంగుళూరులో ఫ్యాక్టరీ పెట్టి తీసినది. పలకలా ఉండి, గాడి గాడిలో కూర్చుంటుంది. మంగుళూరు నుంచి వచ్చినదాన్ని మనవాళ్ళు బెంగుళూరు పెంకు అని పిలిచి స్థిరపరిచేశారు. దాన్ని గూన పెంకుతో కలపకండి. మనం మాట్లాడేది గూనను చూసి చేసిన సిమెంటు పెంకు గురించి.

సిమెంటు పెంకు కూడా నిన్న మొన్నటిది కాదు. జర్మనీలో బవేరియా వైపు పందొమ్మిదో శతాబ్దం నడిమికే చేశారు. ఇప్పుడు యంత్రం మీద చేస్తారు. సిమెంటు, సన్న ఇసుక, ఎర్ర రంగు కోసం ఐరన్ ఆక్సైడ్ కలిపి, గట్టి ముద్దగా చేసి, అచ్చు మీద ఒత్తుతూ తీస్తారు. తర్వాత తడి గదిలో పెట్టి గట్టి పడనిస్తారు. కాల్చడం ఉండదు. ఆ సిమెంటు ఎక్కడిదీ? సున్నపురాయిది. మాచర్లలో సిమెంటు ఫ్యాక్టరీ 1958 నుంచి ఉంది, పిడుగురాళ్ళలో సున్నం బట్టీలు అంతకన్నా పేరున్నవి. ఆ క్వారీల్లో రాయి కొట్టినవాళ్ళలో మనవాళ్ళున్నారు. మట్టి పెంకు కుమ్మరిది అయితే సిమెంటు పెంకులో రాయి మనం మోసినదే అని ఎవరన్నా అంటే నేను కాదనను.

చూడటానికి ఒకటే. పనిలో మాత్రం రెండూ వేరు. గూన పెంకులో దోనె వేరు, మూత వేరు, మధ్యలో గాలి. సిమెంటు పెంకులో దోనె, మూత కలిపి ఒకటే పలక. పైన ఉబ్బు కనిపిస్తుంది గాని కింద రెండో వరుస లేదు. పక్క పెంకుతో గాడిలో బిగుసుకుంటుంది. అందుకే కారదు, జారదు, ఏటేటా తిరగెయ్యక్కర్లేదు. అందుకే ఊపిరీ ఆడదు. మట్టి పెంకు వానలో నీళ్ళు తాగి ఎండలో వదులుతుంది, ఆ వదిలేటప్పుడు చల్లబడుతుంది. బెంగుళూరు పెంకుకి ప్రభుత్వ ప్రమాణంలోనే, ఐఎస్ 654 అంటారు, మొదటి రకం పెంకు తన బరువులో 18 శాతం దాకా నీళ్ళు తాగొచ్చని ఉంది. మంచి కాంక్రీట్ పెంకు పది శాతం లోపే తాగుతుంది. గట్టితనానికి అది మంచిదే. చల్లదనానికి కాదు.

మనం ఉన్నది ఎక్కడ? ఎండాకాలం పేపర్లో ఎక్కువ వేడి ఎక్కడని చూస్తే రెంటచింతల పేరు ఉంటుంది. నలభై అయిదు డిగ్రీల్లో మధ్యాహ్నం మీటింగ్ పెడితే సిమెంటు పెంకు కింద కూడా చెమట పడుతుంది. రేకుల షెడ్డు కన్నా చాలా మేలు, అందులో అనుమానం లేదు. కానీ పెంకు వేస్తున్నాం కదా చల్లగా ఉంటుందని ఎవరన్నా చెబితే సగమే నమ్మండి. ఆ చల్లదనం పెంకులో కొంత, కింద గాలి తిరగడంలో కొంత. రెండోది మన చేతిలో ఉంది. బద్దెల కింద గాలి చూరు దగ్గర లోపలికి వచ్చి వెన్ను దగ్గర బయటికి పోవడానికి దారి వదలాలి. చూరు దగ్గర పక్షులు దూరకుండా జాలీ, వెన్ను మీద గాలి పోయే మూత పెంకులు. గోడకూ కప్పుకూ మధ్య రెండు పక్కలా కిటికీల్లాగా జాలీ వదిలితే ఇంకా మంచిది. దీనికయ్యే ఖర్చు ఫ్యాన్ల ఖర్చు కన్నా తక్కువ.

ఇక్కడే ఒక మాట గట్టిగా చెబుతాను. ఇప్పుడు రోడ్డు పక్కన కొత్త ఇళ్ళ మీద చూస్తున్నారే, ముందు వాలుగా స్లాబు పోసి, దాని మీద సిమెంటుతో ఈ పెంకులు అతికిస్తున్నారు. అది కప్పు కాదు, చొక్కా మీద బొత్తాం. నీళ్ళు ఆపేది స్లాబు, పెంకు ఊరికే బరువు. వేడి స్లాబులోకి దిగి రాత్రి పది దాకా కిందికి కక్కుతుంది. ఏ పెంకైనా పగిలితే చిప్పింగ్ చేసి తియ్యాలి. ఉన్నవాళ్ళు వేసుకుంటారు, వాళ్ళిష్టం. కూలి డబ్బుతో కట్టే భవనానికి రెండు కప్పులు ఎందుకు? పెంకు వేస్తే స్లాబు వద్దు. స్లాబు పోస్తే పెంకు వద్దు.

బరువు లెక్క. మన ప్లానులో హాలు 40 అడుగుల పొడవు, 24 అడుగుల వెడల్పు. చుట్టూ రెండేసి అడుగులు చూరు వదిలితే 44కి 28. వాలు 25 డిగ్రీలు పెడితే నడుమ వెన్ను గోడ మట్టానికి అయిదున్నర అడుగుల పైచిలుకు లేస్తుంది, పెంకు పరిచే జాగా సుమారు 1,360 చదరపు అడుగులు, మీటర్లలో 126. ఈ కాంక్రీట్ పెంకు మామూలు కొలత 420 మిల్లీమీటర్ల పొడవు, 330 వెడల్పు, బరువు నాలుగున్నర కిలోల అటూ ఇటూ. ఒకదాని మీద ఒకటి ఎక్కించాక చదరపు మీటరుకు పదికి పైన కొంచెం పడతాయి. అంటే మనకు సుమారు 1,300 పెంకులు, దాదాపు ఆరు టన్నులు. అదే గూన పెంకు రెండు వరుసలు పేర్చితే, ఇంజనీర్ల పుస్తకంలోని లెక్క ప్రకారం, బద్దెలతో కలిపి 15 టన్నులకు దగ్గర పడుతుంది. సిమెంటు రేకులైతే రెండు టన్నులు.

సిమెంటు పెంకు గూన కన్నా తేలికే, కానీ రేకు కన్నా మూడింతలు. ఈ మాట ఎందుకంటున్నానంటే, రేకులకు వేసిన సన్న పైపుల మీదే పెంకు పరిచేద్దాం అనే మేస్త్రీలున్నారు. ఒక ఊళ్ళో, పేరు వద్దు, అట్లాగే పరిచారు. మూడో వానాకాలానికి కప్పు మధ్యలో ఉయ్యాల మంచంలాగా కుంగింది. పెంకులకు ఏమీ కాలేదు, ఇనుము వంగింది. కింద నీళ్ళు. కాబట్టి దూలాలు, వాసాలు, బద్దెల సైజు ఇంజనీరు చేత కాగితం మీద రాయించుకుని సంతకం పెట్టించుకోండి. వెల్డింగ్ అయ్యాక రంగు వేసే ముందు ఇంకోసారి పిలిపించండి. మన పాత మద్ది దూలాల మాట ఎత్తకండి, అవి ఇప్పుడు దొరకవు, అడవిలో కొడితే కేసు.

నేల కూడా చూడాలి. మనకిచ్చిన జాగా నల్లరేగడి. ఎండాకాలం చెయ్యి దూరేంత పగుళ్ళిస్తుంది, వానకు ఉబ్బుతుంది. దాని మీద ఆరు టన్నుల కప్పు అంటే పునాది గట్టి మట్టం దాకా పోవాలి. కప్పు కన్నా ముందు గొయ్యి మీద ఖర్చు పెట్టండి.

ఇప్పుడు పెంకు ఎట్లా ఎంచాలి. పుస్తకం చూసి ఎంచకండి. లారీ దిగే చోట నిలబడి ఎంచాలి.

ఒక పెంకు వేళ్ళ మీద వేలాడదీసి ఇంకో చేత్తో తట్టండి. ఖంగుమనాలి. బొద్దుగా మోగితే లోపల పగులో, సరిగా ఆరనిదో. బజారులో కుండ కొనేటప్పుడు మన ఆడవాళ్ళు చేసే పనే ఇది, వాళ్ళనే పంపించండి. తర్వాత పెంకును బోర్లా తిప్పి చూడండి. అంచు పొడిపొడిగా రాలుతుంటే సిమెంటు తగ్గించారని అర్థం. ఒక విరిగిన ముక్క అడగండి. రంగు లోపల దాకా ఉందా, పైన పూతేనా? మన ఎండకు పైపూత కొన్నేళ్ళలో వెలిసిపోతుంది, లోపల బూడిద రంగు బయటపడుతుంది. ఒళ్ళంతా రంగున్నది మెల్లగా పాతబడుతుంది గాని బొల్లి పట్టినట్టు కాదు. ఆ నల్ల మసి మచ్చలున్న రకం డబ్బు ఎక్కువ. మన కోతులూ మన వానలూ ఆ మసి ఊరికే పూస్తాయి, దానికి డబ్బు ఎందుకు? ఎర్రది చాలు. ఇంకా చెప్పాలంటే లేత రంగుది వేడి తక్కువ తాగుతుంది, కానీ మీరెవరూ ఒప్పుకోరని నాకు తెలుసు.

కొత్త పెంకు మీద తెల్లగా ఉప్పు పూసినట్టు వస్తే కంగారు పడకండి, సిమెంటులో సున్నం బయటికొస్తుంది, రెండు మూడు వానలకు పోతుంది. పగులు మాత్రం ఎంత సన్నదైనా ఒప్పుకోవద్దు. పది పెంకులు నేల మీద గాడిలో గాడి పెట్టి పరిచి చూడండి. సందు ఒక చోట బిగువు, ఒక చోట వదులు అయితే అచ్చు అరిగిపోయింది. ఆ లోడు వెనక్కి పంపండి. ఒకటి బోర్లా పెట్టి అంచు చుట్టూ మట్టితో గట్టు కట్టి నీళ్ళు పోసి రాత్రంతా వదలండి. తెల్లారి అడుగు చెమ్మగా ఉండొచ్చు, చుక్క కారకూడదు.

మేకు బెజ్జాలు ఉన్నాయో లేదో చూడండి. గూన పెంకుకు బరువే పట్టు అన్నాను, దీనికి అట్లా కుదరదు. 2023 డిసెంబర్ 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు గాలి ఎట్లా కొట్టిందో మన పొలాలు చూశాయి. గాలి పెంకును కిందికి నొక్కదు, చూరు దగ్గర నుంచి పైకి లేపుతుంది. చూరు వరస, వెన్ను వరస, రెండు పక్కల అంచు వరసలు ప్రతి పెంకుకూ స్క్రూ పడాలి. మధ్యలో ఒకటి విడిచి ఒకటి అయినా బిగించాలి. వెన్ను పెంకులు సిమెంటు ముద్దతో ఊరికే కూర్చోబెడితే రెండేళ్ళకు ముద్ద చిట్లి ఊగుతాయి. వాటికీ కింద పట్టీ వేసి బిగించమని ముందే మాట్లాడుకోండి.

కోతులు. అసలు అన్నిటికన్నా ముందు చెప్పాల్సింది అదేనేమో. మన ఊళ్ళల్లో గూన పెంకుటిళ్ళు పోవడానికి స్లాబు మోజు ఎంత కారణమో కోతులు అంత కారణం. పెంకు ఎత్తి చూస్తాయి, పక్కన పెడతాయి, మళ్ళీ పెట్టవు. ఏటా వానలకు ముందు కప్పు ఎక్కి తిరగేసే పనివాళ్ళు లేరు, ఎక్కించినా కోతి నెల రోజుల్లో మొదటికి తెస్తుంది. సిమెంటు పెంకు గాడిలో బిగుసుకుని, స్క్రూ పడితే కోతికి లేవదు. గంతు వేసినా తొందరగా పగలదు. ఈ ఒక్క కారణానికే నేను హాలు మీద కాంక్రీట్ పెంకుకు ఓటేస్తున్నాను. అందం రెండోది.

అయినా అయిదు శాతం పెంకులు ఎక్కువ కొని, అంటే 65 దాకా, భవనం వెనక నీడలో నిలువుగా పేర్చి పెట్టండి. కంపెనీ వాళ్ళు అచ్చు మారుస్తారు. పదేళ్ళ తర్వాత ఒక్క పెంకు పగిలితే దాని గాడికి సరిపోయేది ఎక్కడా దొరకదు. గూన పెంకుకు ఈ బాధ లేదు, ఏ కుమ్మరి గూన అయినా ఏ కుమ్మరి గూన మీదైనా కూర్చుంటుంది. చేతి పనిలో ఉన్న ఆ సౌలభ్యం యంత్రంలో లేదు.

సిమెంటు రేకుల మాట కూడా కమిటీలో వచ్చిందట, చవక అని. ఆస్బెస్టాస్ ఏ రకమైనా క్యాన్సర్ తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎప్పుడో చెప్పింది. కోసేటప్పుడు, పగిలినప్పుడు వచ్చే ధూళి ఊపిరితిత్తుల్లో చేరుతుంది. క్వారీ దుమ్ము చాలు మనకు. అది వద్దు.

చివరిగా వసారా. హాలు ముందు పదడుగుల వసారా ఉంది ప్లానులో. మీటింగులు హాల్లో జరుగుతాయి గాని మన ముసలివాళ్ళు కూర్చునేది, ఆడవాళ్ళు కుట్టు పని పెట్టుకునేది, పిల్లలు డప్పు నేర్చుకునేది అక్కడే. దాని మీద మాత్రం సిమెంటు గూన వద్దని నా మాట. అక్కడ అసలు గూన పెంకు వేద్దాం. ఎత్తు తక్కువ, నిచ్చెన వేస్తే అందుతుంది, ఏడాదికి ఒక ఆదివారం మన కుర్రాళ్ళు తిరగేస్తారు. జాగా చిన్నది కాబట్టి బరువు గోడలు మోస్తాయి. పెంకుల కింద ప్లైవుడ్ కాకుండా ఎరుకల అక్కల చేత వెదురు తడికె అల్లించి పరుద్దాం. పాత ఇళ్ళల్లో పెంకు కింద ఉన్నది అదే. పైన కుమ్మరి చేయి, కింద ఎరుకల చేయి. కోతులకు చూరు మీద సన్న వల కడదాం. అది చూడటానికి బాగుండదు, ఒప్పుకుంటాను.

కుమ్మరిని వెతకడం తేలిక కాదు. ఎక్కువమంది కుండలు కూడా మానేశారు, పెంకు లాగడం తెలిసినవాళ్ళు ముసలివాళ్ళయ్యారు. చెప్పగానే ఇవ్వలేరు, మట్టి తొక్కాలి, ఆరాలి, ఆవం పేర్చాలి, వాన పడితే ఆగాలి. కాబట్టి హాలు పునాది తవ్వే రోజే ఆ పెంకులకు బయానా ఇచ్చేయాలి. పాత ఇల్లు పడగొడుతున్నవాళ్ళు ఎవరన్నా ఉంటే గూనలు అమ్ముతారేమో అడగండి. పగలనివి ఏరుకుని తెచ్చుకుంటే చవక, పైగా కాలి కాలి గట్టిపడినవి. మీ ఊళ్ళో అట్లాంటి ఇల్లుంటే ఈ సభ అయ్యాక కార్యదర్శి గారికి చెప్పి పోండి.

వచ్చే ఆదివారం రెండు రకాల కాంక్రీట్ పెంకులు, అయిదేసి చొప్పున, సంఘం ఆఫీసు ముందు దింపుతున్నారు. ఒక దాంట్లో నీళ్ళు శనివారం రాత్రే పోసి ఉంచమన్నాను. కుండ తట్టి కొనడం తెలిసిన అమ్మలు పది గంటలకల్లా వస్తే, ఏది ఖంగుమంటుందో వాళ్ళే చెబుతారు.